పాదాల లోటు

హైమవతి చేసిన నేరమల్లా రెండే కాళ్లతో పుట్టడం. యాభై రెండేళ్లుగా ఆ రెండు కాళ్లతోనే నెట్టుకొచ్చింది. వాటితోనే బడికెళ్లింది, ఉద్యోగంలో చేరింది, జామ్‌నగర్‌లో ఓ రంగుల ఫ్యాక్టరీలో పెద్ద కెమిస్టు అయింది. ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను ఆపి, ఇంకో కాలేదమ్మా అని అడిగిన పాపాన పోలేదు. దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు, నీలాద్రిపట్నానికి బదిలీ అయి వచ్చాకే తనలో ఇంత లోపం ఉందని ఆవిడకు తెలిసింది.

దీనికంతటికీ మూలం ఆవిడ కారు. ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పాతకాలపు గేర్ల బండి. దానికి ముద్దుగా దానిమ్మ అని పేరు. తొమ్మిదేళ్ల క్రితం కొన్నప్పుడు వాళ్లన్నయ్య ఫోన్‌లో, "ఈ వయసులో ఇదేం పిచ్చే నీకు, హాయిగా గేర్లు లేనిది కొనుక్కోక" అని మందలించాడు. ఆయనకేం తెలుసు? ఫ్యాక్టరీలో పది సంతకాలు పడితే గానీ ఒక డబ్బా ప్రైమర్ గోడౌన్ దాటదు. ఆ కార్లో మాత్రం ఎడమ కాలు, ఎడమ చెయ్యి ఒక్క మాట మీద ఉంటే చాలు, ఎవరి అనుమతీ లేకుండా బండి కదులుతుంది. రోజు మొత్తంలో హైమవతి మాట చెల్లే చోటు ఆ సీటొక్కటే. అందుకే ఆ బండంటే ఆవిడకు ప్రాణం. బదిలీ వచ్చినప్పుడు మంచాలు, బీరువాలు లారీకెక్కించింది గానీ దానిమ్మ మీద ప్యాకర్లను చెయ్యి వెయ్యనివ్వలేదు. గుజరాత్ ఎండల్లోంచి, ఒరిస్సా వానల్లోంచి తనే నడుపుకుంటూ తీసుకొచ్చింది.

వచ్చాక నంబరు మార్పించుకోవాలి కదా. ఎన్వోసీ ఉంది, ఇన్సూరెన్సుంది, పొగ సర్టిఫికెట్టుంది. అన్నీ ఫైల్లో పెట్టుకుని, పూట పనే అనుకుని రవాణా ఆఫీసుకెళ్లింది.

నీలాద్రిపట్నంలో అప్పుడు ద్విపాద రవాణా విధానం జోరు మీద ఉంది. దాని పుట్టుక ఇలా జరిగింది. రవాణా మంత్రిగారు అధ్యయనం కోసం విదేశం వెళ్లారు. అక్కడ అద్దెకు తీసుకున్న కారులోకి తొంగి చూస్తే రెండే పెడల్స్ ఉన్నాయి. మూడోది ఏదయ్యా అని ఆయన అడిగితే, ఆ దేశపు డ్రైవరు నవ్వి, "మనిషికి రెండు కాళ్లే కదండీ" అన్నాడట. మంత్రిగారికి అక్కడికక్కడే కళ్లు చెమర్చాయి. అయ్యో, నా ప్రజలు ఇన్నాళ్లూ ఒక కాలు తక్కువై బండ్లు నడుపుకుంటున్నారే అని కుమిలిపోయారు. తిరిగొచ్చిన వారంలోనే జీవో వచ్చింది: ఒక పాదానికి ఒక పెడల్, ఒక పెడల్‌కు ఒక పాదం. స్థానిక వాహనాలకు పాత అలవాటు దృష్ట్యా మినహాయింపు ఇచ్చారు. పై రాష్ట్రం నుంచి వచ్చే బండి మాత్రం నెలాఖరులోగా పాదాల లెక్క సరిచూపించుకోవాలి. లేకపోతే తుక్కు యార్డుకు పోతుంది. యార్డు ఆఫీసు గేటు పక్కనే కట్టారు, జనానికి శ్రమ ఉండకూడదని.

బ్రేకిన్స్‌పెక్టర్ శేషగిరి మంచివాడు. డోరు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, టార్చిలైటు వేసి పెడల్స్ లెక్కపెట్టాడు: బ్రేకు, యాక్సిలరేటరు, క్లచ్, మొత్తం మూడు. తర్వాత లేచి, అదే టార్చిలైటు హైమవతి చీర కుచ్చిళ్ల వైపు తిప్పి ఆగిపోయాడు.

"ఏం చూస్తున్నారు?" అంది హైమవతి.

"క్షమించాలి మేడమ్. మీకు కాళ్లెన్ని?"

"మీకెన్నున్నాయో అన్నే."

"నా సంగతి కాదండీ, నేను బండికి దరఖాస్తు పెట్టలేదు. నోటిమాటగా చెప్పినా చాలు, నమ్ముతాను. రెండేనా?"

"రెండే."

శేషగిరి నిట్టూర్చి, కాగితం మీద 'పాదాల లోటు: ఒకటి' అని రాశాడు. ఆ రాసేటప్పుడు ఆయన మొహంలో నిజంగానే జాలి కనిపించింది. "బండి బ్రహ్మాండంగా ఉందండీ. ఇంజను గడియారంలా ఉంది. లోపమంతా మీ వైపు నుంచే" అన్నాడు.

"తొమ్మిదేళ్లుగా నడుపుతున్నానయ్యా! ఒక్క గీత పడలేదు!"

"అదృష్టవంతులు. కానీ రూలుకు అదృష్టంతో పని లేదు. ఇంకో పాదం సమకూర్చుకుని రండి."

ఎక్కణ్నుంచి సమకూర్చుకోవాలో చెప్పకుండా ఆయన వేరే బండి దగ్గరికి పోయాడు. ఆ సమాధానం ఆఫీసు బయట, నీలం టార్పాలిన్ కింద ఉంది. అక్కడ కూర్చునే ఏజెంటు పేరు కన్నబాబు. హైమవతి మొహం చూడగానే కుర్చీ తుడిచి వేశాడు.

"కాలు కావాలేటమ్మా?"

"మీరు కాళ్లు అమ్ముతారా?"

"అమ్మడమేటమ్మా, ఇప్పిస్తాం. సర్టిఫికెట్టున్న కాళ్లే. సహాయక పాదధారులంటారు. ఒంటికాలి అప్పన్నగారైతే మీకు అచ్చంగా సరిపోద్ది, లెక్క ఒక్కటే తేల్తాది. పాపం, ఇరవై ఏళ్లు లైసెన్సు కోసం తిరిగితే ఒక్కడూ ఇవ్వనేదు. ఇప్పుడు సూడండి, పై రాష్ట్రం బండ్లున్న కలెక్టరాఫీసోళ్లే కారు పంపి తీసికెల్తన్నారు. ఆయన ఖాళీ నేరు. సన్యాసయ్యని పంపుతాను, మంచోడు, గోళ్లు కూడా తీసుకుంటాడు."

సన్యాసయ్య లారీ క్లీనరుగా చేసి మానేసిన పెద్దమనిషి. మర్నాడు తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు బయట విడిచి, గుళ్లోకి వెళ్లినట్టు కారెక్కాడు. దానిమ్మ రెండు సీట్ల బండి కదా, ఎడమ సీట్లో కూర్చుని కుడి కాలు ఎత్తి, గేరు రాడ్డు మీదుగా దాటించి, హైమవతి కాళ్ల దగ్గర క్లచ్ మీద మోపాలి. మోపాడు. ఇప్పుడాయన మోకాలు సరిగ్గా గేరు రాడ్డు పక్కకొచ్చింది.

"ఇదేమిటండీ! పరాయి మగాడి కాలు నా కాళ్ల పక్కనా?" అని హైమవతి కిటికీలోంచి అరిచింది.

"అది మగాడు కాదు మేడమ్, పాదం" అన్నాడు శేషగిరి. "రూలు అలాగే గుర్తిస్తుంది. కానివ్వండి, ఒక రౌండు వేసి చూపించండి."

"నొక్కండి!" అంది హైమవతి. సన్యాసయ్య నొక్కాడు. ఫస్టు గేరు పడింది. "వదలండి... మెల్లిగా, మెల్లిగా!" ఆయనది లారీ క్లచ్‌కు అలవాటు పడ్డ కాలు, ఒక్కసారే వదిలేశాడు. దానిమ్మ ఎగిరి దూకి, దగ్గి, ఆగిపోయింది. మళ్లీ మొదలు. రెండో గేరు కోసం రాడ్డు లాగితే ఆయన మోకాలి చిప్పకు తగిలింది. "ఒలమ్మో!" అని కాలు తీసేశాడు. లోపల గేర్లు పళ్లు నూరినట్టు కర్రుమన్నాయి. ఆ చప్పుడు హైమవతికి తన పళ్లలోనే వినిపించింది. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ బండి చేత అలా అరిపించలేదు ఆవిడ. ఏడుపొచ్చినంత పనయింది.

ఆఫీసు మైదానం అంచున ఆగాక శేషగిరి వచ్చి లోపలికి తొంగి చూశాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆ రెండో కాలు ఎవరిది?"

"నాదేనండి" అన్నాడు సన్యాసయ్య భయంగా.

"ఏం చేస్తోంది?"

"ఏటీ సెయ్యట్లేదండి. కూకుంది."

"అదీ సంగతి! పెడల్స్ మూడు, పాదాలు నాలుగు. నిన్న లోటు, ఇవాళ మిగులు. పనిలేని పాదం వాహనంలో ప్రయాణించడం నిషేధం." శేషగిరి రాసుకుంటూనే ఉపాయం కూడా చెప్పాడు. "నాలుగో పెడల్ ఒకటి బిగించుకోండి మేడమ్. దేనికీ కలపక్కర్లేదు. పాదానికి పని ఉన్నట్టు కనిపిస్తే చాలు."

హైమవతికి ఒళ్లు మండింది. "దేనికీ పనికిరానిది బిగించమంటే బిగించాలి, పనికొచ్చేది ఉంటే తప్పా? ఎవరండీ మీ పైవాళ్లు?"

పైవాడు డిప్యూటీ కమిషనర్ త్రివిక్రమరావు. ఆయన గదిలో గోడ మీద రెండు పాదాల బొమ్మ, దాని కింద 'సమపాద సమాజం' అని అక్షరాలు. ఆయన హైమవతిని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించి, గొంతు సవరించుకున్నాడు.

"చూడండి హైమవతిగారూ, ప్రభుత్వం పౌరుల పాదాల పట్ల రాగద్వేషరహితంగా వ్యవహరిస్తుంది. పాద భారాన్ని న్యాయబద్ధంగా పంపిణీ చేయడమే ఈ విధానపు పరమావధి. మీరు బ్రేకు ఏ పాదంతో వేస్తారు?"

"కుడి కాలితో."

"యాక్సిలరేటరు?"

"అదీ కుడి కాలితోనే."

త్రివిక్రమరావు కళ్లజోడు తీశాడు. "శేషగిరీ, రాసుకోండి. దరఖాస్తుదారు ఒకే పాదాన్ని రెండు పెడల్స్‌పై దుర్వినియోగం చేస్తున్నట్లు స్వచ్ఛందంగా అంగీకరించారు."

"అయ్యా! లోకమంతా అంతేనండీ. మీరు మెచ్చుకునే గేర్లు లేని బండిలో కూడా రెండు పెడల్సూ కుడి కాలే చూసుకుంటుంది. ఎడమ కాలు ఊరికే ఉంటుంది."

త్రివిక్రమరావు తీసిన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఊరికే ఉంటుందా?" అన్నాడు త్రివిక్రమరావు.

"ఊరికే."

"శేషగిరీ, ఈ వాక్యం ఫైల్లో ఎక్కించకండి" అని ఆయన గొంతు తగ్గించాడు.

హైమవతి కిటికీలోంచి బయట నిలబెట్టిన ఆఫీసు జీపును చూపించింది. "మరి మీ జీపుకీ మూడేగా? మీ డ్రైవరుకు మూడో కాలుందా?"

"అది స్థానిక వాహనం. ఈ నేలకు అలవాటు పడినది. మీది వలస వాహనం. వలస వచ్చినవారి వద్ద మనం మరికొంత క్రమశిక్షణ ఆశిస్తాం." త్రివిక్రమరావు లేచి, చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచాడు. నడిచినన్ని సార్లు ఆలోచన గట్టిపడింది. "పాదాలు పెంచితే మిగులుతున్నాయి. పెంచకపోతే చాలడం లేదు. పాదాలను సవరించలేనప్పుడు పెడల్స్‌ను సవరించడమే పరిపాలన. ఆ మూడోదాన్ని తీసేద్దాం."

"తీసేస్తే బండి కదలదు!"

"కదలడం అనేది మా విభాగం పరిధిలోకి రాదు. మేము ఇచ్చేది రిజిస్ట్రేషన్."

ఆవేళ నెలాఖరు. సాయంత్రం అయిదు దాటితే దానిమ్మ తుక్కు కింద లెక్క. గోడ అవతల యార్డులో క్రేను కొక్కెం వేలాడుతూ కనిపిస్తోంది, దాని కింద పచ్చరంగు కారొకటి అప్పడంలా చదునై ఉంది. అది ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో, ఎవరు ముద్దుగా ఏ పేరు పెట్టుకున్నారో. హైమవతి కాసేపు దానివంక చూసి, "తియ్యండి" అంది. పెడల్ పోతే మళ్లీ బిగించుకోవచ్చు, బండే పోతే ఎక్కణ్నుంచి తెచ్చుకుంటుంది?

డిపార్ట్‌మెంట్ మెకానిక్ వచ్చి క్లచ్ పెడల్ కోసేశాడు. దాన్ని గుడ్డ సంచిలో పెట్టి, లక్క సీలు వేసి, ప్రభుత్వాధీనంలోకి తీసుకున్నారు. శేషగిరి మళ్లీ టార్చిలైటు వేసి లెక్కపెట్టాడు. పెడల్స్ రెండు, పాదాలు రెండు. ఆయన మొహం వెలిగిపోయింది. కొత్త నంబరు, కొత్త ఆర్సీ, 'సంపూర్ణ రవాణా యోగ్యం' అని ముద్ర. జీవో వచ్చాక పై రాష్ట్రం బండి ఒకటి అద్దె కాలు లేకుండా పాసవడం అదే మొదటిసారి.

"ఇంక తీసికెళ్లిపోవచ్చు మేడమ్. అయిదు కావస్తోంది."

"ఎలా తీసికెళ్లను? నలుగురు మనుషుల్ని పిలవండి, తోయిస్తాను."

"అమ్మమ్మా, ఆ పని చెయ్యకండి! తోస్తే అది తోపుడు బండి. తోపుడు బళ్లు మునిసిపాలిటీవి, మా నంబరు చెల్లదు."

"పోనీ లారీ మీద ఎక్కిస్తాను."

"లారీ మీద ఎక్కితే సరుకు. సరుక్కి నంబరిచ్చామని ఆడిట్‌వాళ్లు నా ఇంక్రిమెంటు ఆపేస్తారు." శేషగిరి చేతులు జోడించాడు. "గేటు దాకా దానంతటది వెళ్తేనే వాహనం. వెళ్లకపోతే..." అని యార్డు వైపు చూశాడు. క్రేను డ్రైవరు అప్పటికే టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

హైమవతి కార్లో కూర్చుంది. ఎడమ కాలు అలవాటు కొద్దీ ముందుకెళ్లి ఖాళీలో పడింది. అప్పుడు ఉదయ్‌పూర్ ఘాట్ రోడ్డు గుర్తొచ్చింది. అక్కడోసారి క్లచ్ వైరు తెగిపోతే, చుట్టుపక్కల మనిషన్నవాడు లేక, ఇంజను చప్పుడు వింటూ గేర్లు మార్చుకుంటూ కొండ దిగి వచ్చింది. అప్పుడు ప్రాణభయం. ఇప్పుడు అంతకంటే ఎక్కువ.

ఇంజను ఆపి ఉండగానే రాడ్డు ఫస్టులోకి తోసింది. దేవుడా అనుకుని తాళం తిప్పింది. స్టార్టరు బండిని మొత్తం ఈడ్చింది. దానిమ్మ ఒక్క గెంతు గెంతింది, ఒణికింది, అందుకుంది. శేషగిరి పక్కకి దూకాడు. హైమవతి యాక్సిలరేటరు వదిలి, రాడ్డు మధ్యలోకి లాగి, చెవులు రిక్కించింది. ఇంజను మోత దిగుతోంది, దిగుతోంది... ఇదిగో, ఇక్కడ! రెండో గేరు వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. చిన్న కర్రు కూడా లేదు. క్రేను ముందు నుంచి, సన్యాసయ్య ముందు నుంచి, టార్పాలిన్ కింద నోరు తెరిచిన కన్నబాబు ముందు నుంచి, హారన్ కొట్టుకుంటూ గేటు దాటేసింది.

"నా తల్లే! నా బంగారమే!" అని స్టీరింగును ముద్దు పెట్టుకుంది. యాభై రెండేళ్ల మనిషి నడిరోడ్డు మీద గట్టిగా కేకలేసి నవ్వింది. అంత సంతోషం ఆవిడకు ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆఫీసు వరండాలో నిలబడి త్రివిక్రమరావు ఇదంతా చూశాడు. ఆయనకూ అంతే సంతోషం కలిగింది.

"చూశారా శేషగిరీ! మూడో పెడల్ లేకుండా బండి ఎంత సలక్షణంగా వెళ్లిపోయిందో! అంటే అది మొదటి నుంచీ అనవసరమే. దాన్ని పెట్టుకుని ఇన్ని దశాబ్దాలు జాతి మొత్తం ఎడమ కాలు అరగదీసుకుంది."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. 'ప్రయోగాత్మకంగా నిరూపితమైనందున' స్థానిక వాహనాలకిచ్చిన మినహాయింపు రద్దు. సిటీ బస్సులు, లారీలు, అంబులెన్సులు, అన్నిటి క్లచ్ పెడల్స్ వారంలోగా ప్రభుత్వానికి జమ చెయ్యాలి. దానికి హైమవతి నమూనా అని పేరు పెట్టారు.

హైమవతి పరుగున ఆఫీసుకెళ్లింది. "అయ్యా, అది నాకూ నా బండికీ ఉన్న తొమ్మిదేళ్ల అలవాటండీ. ఆ పూట గేటు దాటితే చాలని చేశాను. ఎదురుగా మనిషొస్తే ఆపడం కూడా కష్టం. నిండు బస్సుల్ని అలా నడపమంటే ఎలా?"

"మీ వినయం మిమ్మల్ని మరింత ఉన్నతంగా నిలబెడుతోంది" అని త్రివిక్రమరావు ఆవిడకు శాలువా కప్పాడు. పెడల్ తిరిగిమ్మంటే, అది అద్దాల పెట్టెలోకి వెళ్లిపోయిందని, మంత్రిగారు వచ్చి ఆవిష్కరిస్తారని చెప్పాడు.

మొదట ఆఫీసు జీపుకే తీశారు. డ్రైవరు తాళం తిప్పగానే అది ముందుకు గెంతి ప్రహరీగోడను కూల్చేసింది. గోడ నిర్లక్ష్యంగా అడ్డు నిలిచిందని నివేదిక రాశారు. తర్వాత డిపోలో బస్సులకు తీశారు. అవి గెంతనైనా గెంతలేదు. డ్రైవర్లు భయపడి తాళాలే ముట్టుకోలేదు. లారీలు ఊరి బయటే ఆగిపోయాయి. నెల తిరిగేసరికి నీలాద్రిపట్నంలో ఒక్క రోడ్డు ప్రమాదం లేదు, చుక్క పొగ లేదు. జనమంతా నడుస్తున్నారు. మనిషికి రెండు పాదాల చొప్పున, లోటూ మిగులూ లేకుండా. త్రివిక్రమరావుకు జాతీయ పురస్కారం ప్రకటించారు.

ఓ ఉదయం హైమవతి దానిమ్మను తీసుకుని ఫ్యాక్టరీకి బయలుదేరింది. రోడ్డంతా ఖాళీ. అలాంటి రోడ్డు కోసం జీవితమంతా కలలు కన్న మనిషి, కానీ ఆ రోజు కాలు యాక్సిలరేటరు మీద ఆనడం లేదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఓ గుంపు వస్తుంటే బ్రేకు నొక్కింది, క్లచ్ లేదు కదా, దాంతో ఇంజనూ ఆగిపోయింది.

ముందు ఖాకీ చొక్కా బస్సు డ్రైవరు నడుస్తున్నాడు, చేతిలో రూటు నంబరు బోర్డు. వెనక నలభై మంది ప్రయాణికులు. డ్యూటీ నర్సులు, మార్కెట్‌కు పూలబుట్టలతో వెళ్లే ఆడవాళ్లు, పరీక్ష అట్టలు పట్టుకున్న పిల్లలు. అందరికంటే చివర కండక్టరు విజిలేస్తున్నాడు. సర్వీసు రద్దయితే రికార్డులో ఎక్కుతుందట, అందుకని టికెట్లు కొట్టి రూటు మొత్తం నడిపిస్తున్నారు.

డ్రైవరు ఎర్రకారును చూసి ఆగాడు. హైమవతి తలొంచుకుంది. ఎడమవైపు తలుపు తెరిచి, "ఒకరిని దింపుతాను, ఎవరినైనా ఎక్కించండి" అంది.

"ఒక్క సీటుకి ఎవుర్ని ఎక్కించమంటారమ్మా? అందరూ టిక్కెట్టు కొన్నోళ్లే" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, నడిచి నడిచి వచ్చిన అలసట ఉంది. "తప్పుగా అనుకోకండి. ఆ రోజు మీ బండి కదలకపోయుంటే, ఈ రోజు ఊరంతా కదులుతూ ఉండేది."

తలుపు ఆయనే మెల్లిగా మూశాడు. కండక్టరు విజిలేశాడు. నలభై మందీ కారును దాటుకుంటూ, దానివంక చూడకుండా, ముందుకు సాగారు.

హైమవతి రాడ్డు ఫస్టులో పెట్టి, తాళం మీద చెయ్యి వేసింది. కొన్న ఇన్నేళ్లలో మొదటిసారి, ఇది స్టార్ట్ కాకపోతే బాగుండు అనిపించింది. ఒక్క తిప్పుకే స్టార్టయింది.